మే నెల ఎండకు జూన్‌లోనే సిద్ధపడాలి

(2025 మార్చిలో గిద్దలూరులో రైతులు, ఉపాధి హామీ పనులు చేయించే మేట్లు, ఆశా కార్యకర్తలు కలిసిన సమావేశంలో భూగర్భ జలాల శాఖలో పనిచేసి రిటైరైన ఒక అధికారి చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిపెట్టాం.)

అందరికీ నమస్కారం. వెనకవాళ్ళకి వినబడుతోందా? కిటికీ పక్కనున్న అమ్మలు కాస్త ఇటు జరగండి, ఎండ మీ మీదే పడుతోంది. జరగండి, చోటుంది.

నన్ను రెండు విషయాలు మాట్లాడమన్నారు. ఒకటి ఎండ, రెండోది కరువు. ఎండ గురించి డాక్టర్లు చెబుతారు, కరువు గురించి వ్యవసాయం వాళ్ళు చెబుతారు, ఎవరి మీటింగు వాళ్ళది. నాకు మాత్రం ఈ రెండూ విడివిడిగా ఎప్పుడూ కనబడలేదు. ఎందుకో చెబుతాను.

2015 మే నెల గుర్తుందా? గుర్తు లేకేం. ఆ నెల చివర్లో వీచిన గాడ్పులకి రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి 2 వేల మందికి పైగా పోయారు. ఇది సర్కారు లెక్క. ఆంధ్రప్రదేశ్‌లో ఎక్కువ చావులు నమోదైన జిల్లాల్లో మన ప్రకాశం ఒకటి. ఎవరు వాళ్ళు? ఏసీ గదుల్లో కూర్చున్నవాళ్ళా? కూలికి పోయినవాళ్ళు. గొర్రెలు తోలుకుపోయినవాళ్ళు. రేకుల ఇంట్లో మంచం మీద ఉన్న ముసలివాళ్ళు. ఇంకొక మాట గుర్తు చేసుకోండి. దానికి ముందటి ఏడాది, 2014లో, వానలు ఎట్లా పడ్డాయి? పడలేదు. బోర్లు ఎండినాయి, పంట పోయింది.

తన చేలో తనకు పని ఉన్న మనిషి ఎండ ముదిరితే ఏం చేస్తాడు? పదింటికల్లా ఇంటికొస్తాడు. మిగిలింది సాయంత్రం చూసుకుంటాడు. అదే మనిషి, చేను ఎండిపోయి అప్పు మీదపడి ఇంకొకరి దగ్గర కూలికి పోయాడనుకోండి. పదింటికి ఇంటికి రాగలడా? గంటలు అతని చేతిలో లేవు. ఎండ ఇద్దరికీ ఒకటే, కానీ ఒకతను నీడకి పోగలడు, రెండో అతను పోలేడు. కాబట్టి మే నెలలో మనిషిని చంపిన ఎండ వెనక, అంతకుముందు జూన్ నుంచి మనం నీళ్ళు ఎట్లా వాడామన్నది ఉంది. నేను ఈ రోజు చెప్పదలచుకున్నది ఇదే. మిగతాదంతా దీని వివరమే.

ముందు ఎండ సంగతి చూద్దాం, ముందున్నది అదే కదా. ఉగాది ఇంకా రానే లేదు, అప్పుడే మధ్యాహ్నం బయటికి రాలేకపోతున్నాం. ఎండలు మనకి కొత్తా? రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. నిజమే. కానీ రోహిణి వచ్చేది మే చివర్లో. ఇప్పుడు మార్చిలోనే ఎందుకు? 1901 నుంచి మన దేశంలో ఉష్ణోగ్రతల లెక్కలు ఉన్నాయి. ఆ లెక్కల్లో అన్నిటికన్నా వేడి మార్చి 2022లో వచ్చింది. అన్నిటికన్నా వేడి సంవత్సరం 2024, మొన్న మొన్న ముగిసిందే. వేడి పెరగడం ఒక్కటే కాదు, ముందుగా మొదలవుతోంది, ఎక్కువ రోజులు ఉంటోంది, రాత్రి కూడా దిగడం లేదు. ఈ రాత్రి సంగతి మనవాళ్ళు పట్టించుకోరు. పగలంతా వేడెక్కిన ఒళ్ళు రాత్రి చల్లబడితేనే మర్నాటికి తట్టుకుంటుంది. నాలుగు రాత్రులు వరసగా చల్లబడకపోతే? అయిదో రోజు ఎండ మామూలుగా ఉన్నా మనిషి పడిపోతాడు.

వాతావరణ శాఖవాళ్ళకి ఒక లెక్క ఉంది. మైదానాల్లో కనీసం 40 డిగ్రీలు దాటి, మామూలు కన్నా నాలుగున్నర డిగ్రీలు ఎక్కువుంటే వడగాడ్పు అంటారు. 45 దాటితే మామూలుతో పోల్చకుండానే వడగాడ్పు అంటారు. 47 దాటితే తీవ్ర వడగాడ్పు. సముద్రం పక్క ఊళ్ళకి మాత్రం 37 నుంచే లెక్క. ఎందుకు? ఒంగోలు పోయినవాళ్ళకి తెలుసు, అక్కడ 38 ఉన్నా మన 43 కన్నా కష్టంగా ఉంటుంది. మట్టికుండ చూశారు కదా? కుండ చెమర్చి ఆ చెమ్మ ఆరితేనే నీళ్ళు చల్లబడతాయి. ముసురు పట్టిన రోజు కుండలో నీళ్ళు చల్లబడవు. మన ఒళ్ళూ అంతే. చెమట పోయడం ఒక్కటే చాలదు, అది ఆరాలి. గాలిలో తేమ ఎక్కువుంటే ఆరదు.

మన వైపు పొడిగాలి కాబట్టి చెమట ఇట్టే ఆరిపోతుంది. అందుకే మనకి ఇంకొక ప్రమాదం ఉంది. చొక్కా తడవదు కాబట్టి చెమట పట్టలేదనుకుంటాం. లోపల నీళ్ళు అయిపోతున్న సంగతి తెలియదు. దాహం వేసినప్పుడు తాగుదామంటే అప్పటికే ఆలస్యం.

అమ్మలకి ప్రత్యేకంగా ఒక మాట. పనిచోట మరుగుదొడ్డి ఉండదని పొద్దున్నుంచి నీళ్ళు తాగకుండా బిగబట్టుకుంటారు. అవునా కాదా? తలకాయలు ఊపుతున్నారు. అయిదారు గంటలు ఎండలో మట్టి తవ్వుతూ నీళ్ళు తాగకపోవడం చాలా ప్రమాదం. ఇందులో మీ తప్పేం లేదు. పని పెట్టినవాళ్ళు చాటు చూపించాలి. మేట్లు ఉన్నారు కదా ఇక్కడ? నాలుగు కర్రలు పాతి పాత చీరలు కట్టినా చాటవుతుంది. దీనికి ఏ మంజూరూ అక్కర్లేదు.

మేట్లకే ఇంకో మాట. పనిచోట తాగునీళ్ళు, నీడ, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని ఉపాధి హామీ చట్టంలోనే రాసి ఉంది. ఎవరి దయా కాదు. పొద్దున్నే అయిదున్నరకి మొదలుపెట్టి పదిన్నరకి ముగించాలి. ఇక్కడ ఫొటోల తంటా ఉంది, నాకు తెలుసు. హాజరు కోసం పనిలోకి దిగగానే ఒక ఫొటో, మళ్ళీ కొన్ని గంటలకి రెండో ఫొటో. ఆలస్యంగా మొదలుపెడితే ఆ రెండో ఫొటో కోసం జనం మిట్టమధ్యాహ్నం దాకా కూర్చోవాల్సి వస్తుంది. ఎండలో మనుషుల్ని ఫొటో కోసం కూర్చోబెట్టడం అన్యాయం. నేను గట్టిగానే అంటున్నాను. మొదటి ఫొటో ఎంత పెందలాడే తీస్తే అంత పెందలాడే వదలొచ్చు. అది మీ చేతిలో ఉన్న పని.

కొత్తగా పనిలోకి వచ్చినవాళ్ళని కనిపెట్టి ఉండండి. ఒళ్ళు ఎండకి అలవాటు పడడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. పట్నంలో నీడపట్టున పనిచేసి పండక్కి ఊరొచ్చి ఇక్కడే ఉండిపోయిన కుర్రాడు మొదటి రోజే అందరితో సమానంగా గడ్డపార పడితే ప్రమాదం. వాడు కుర్రాడు, గట్టివాడు, వాడికేం అవుతుందిలే అనుకుంటాం. చాలా చావులు ఆ మొదటి రోజుల్లోనే జరుగుతాయి. మొదటి రోజు కొంచెమే చేయనివ్వండి, రోజూ కాస్త పెంచండి.

ఇక మనిషి పడిపోతే ఏం చేయాలి? ఆశా అమ్మలకి తెలుసు, అయినా అందరూ వినండి. తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి వచ్చినట్టుండడం, పిక్కలు పట్టేయడం ఉంటే నీడకి చేర్చి ఓఆర్ఎస్ తాగించండి. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్ళలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచాలు తలగొట్టి కొలవాలి. ఉప్పేసిన మజ్జిగ, జొన్న అంబలి, ఏదైనా మంచిదే. కానీ మనిషి తిక్కతిక్కగా మాట్లాడుతున్నాడు, పేరు అడిగితే ఇంకేదో చెబుతున్నాడు, తూలుతున్నాడు, లేదా స్పృహ తప్పాడు అంటే అది వడదెబ్బ. అప్పుడు నోట్లో నీళ్ళు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జ్వరం బిళ్ళ వేయొద్దు, అది జ్వరం కాదు, బిళ్ళకి లొంగదు. ఉల్లిపాయ రుద్దుతూ కూర్చోవద్దు. 108కి ఒకరు ఫోన్ చేస్తుండగానే మిగతావాళ్ళు మనిషిని చల్లబరచాలి. తొట్టి ఉంటే తల పైకి పట్టుకుని తొట్టిలో కూర్చోబెట్టండి. లేకపోతే బట్టలు వదులు చేసి బిందెలకి బిందెలు కుమ్మరించండి, తడిగుడ్డతో విసరండి, ఐసుంటే చంకల్లో, గజ్జల్లో పెట్టండి. మొదటి అరగంటలో చల్లబడితే మనిషి దక్కుతాడు. అంబులెన్సు వచ్చాక ఆస్పత్రిలో చూసుకుంటారులే అని ఎదురుచూస్తే ఆ అరగంట పోతుంది. చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదేమోనని కూడా అనుకోవద్దు. పని చేస్తూ పడిపోయినవాడికి చెమట ఉంటుంది.

చనిపోతే ఏమవుతుందో కూడా చెప్పాలి, బాధగా ఉన్నా సరే. వడదెబ్బ చావని తేల్చాలంటే తహసీల్దారు, ఎస్సై, వైద్యాధికారి ముగ్గురూ కలిసి నిర్ధారించాలి. రాత్రి రేకుల కింద నిద్రలోనే పోయిన ముసలమ్మని ఎవరు నిర్ధారిస్తారు? తెల్లారి గుండెపోటంటారు, దహనం చేసేస్తారు. అందుకే నేను ఇందాక సర్కారు లెక్క అన్నాను. అహ్మదాబాదులో 2010 మే నెలలో పెద్ద ఎండలు కాస్తే తరవాత పరిశోధకులు ఒక పని చేశారు. వడదెబ్బ అని రాసిన చావుల్ని కాకుండా, ఆ నెలలో మొత్తం చావులు మామూలు కన్నా ఎన్ని ఎక్కువో చూశారు. 1,344 ఎక్కువ తేలాయి. ఒక్క ఊళ్ళో, ఒక్క నెలలో. అది చూశాకే 2013లో అక్కడ వేసవి కార్యాచరణ ప్రణాళిక పెట్టారు. మన ఊళ్ళో చేయొచ్చా? చావుల రిజిస్టరు పంచాయతీలో ఉంటుంది. ఏప్రిల్, మే నెలలు తీసి వరసగా అయిదేళ్ళవి పక్కపక్కన పెట్టి చూడండి. మీకే తెలుస్తుంది.

రేకుల ఇళ్ళ గురించి ఒక్క ముక్క. రేకు మీద, డాబా మీద సున్నంలో బంక కలిపి రెండు పూతలు తెల్లగా వేయండి. లోపల రెండు నుంచి అయిదు డిగ్రీలు తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికి ఒక విధానమే తెచ్చింది. మంచంలో ఉన్న ముసలివాళ్ళున్న ఇళ్ళకి ముందు వేయండి. గదిలో గాలి 40 దాటితే ఉత్త ఫ్యాను వేడిగాలే కొడుతుంది, అప్పుడు ఒంటిమీద తడిగుడ్డ ఉండాలి. బీపీకి నీళ్ళబిళ్ళ, అంటే మూత్రం ఎక్కువ పోయించే మాత్ర, వాడేవాళ్ళు వేసవికి ముందొకసారి డాక్టరుని అడగండి, మీ అంతట మీరు ఆపేయొద్దు.

సరే. ఇప్పుడు నా సొంత సబ్జెక్టుకి వస్తాను. ఇక్కడ కాస్త లెక్కలుంటాయి, ఓపిక పట్టండి.

ఎకరం పొలం మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఎన్ని లీటర్లు? ఎవరైనా చెబుతారా? 4 వేల లీటర్లు. ఏడాదికి 600 మిల్లీమీటర్లు పడిందనుకుందాం. ఎకరానికి 24 లక్షల లీటర్లు. వినడానికి చాలా ఉంది కదా? అందులో చాలా భాగం ఆవిరైపోతుంది, మొక్క తాగుతుంది, కొంత వాగులో పోతుంది. మన కింద ఉన్నది రాయి. మార్కాపురం పలకలు దేశమంతా పోయాయి కదా, ఆ పలకరాయే మన కింద ఉంది. కనిగిరి వైపు పోతే గ్రానైటు. రెండిట్లోనూ నీళ్ళు పగుళ్ళలోనే ఉంటాయి, రాయిలో ఉండవు. వాన నీళ్ళలో పదో వంతు కిందికి ఇంకిందంటే అదృష్టం. పదో వంతే వేసుకుందాం, ఎకరానికి 2 లక్షల 40 వేల లీటర్లు. బోరు తోడేది ఇదే. ఇంతకన్నా లేదు.

ఇప్పుడు రబీలో బోరు కింద ఎకరం వరి వేశామనుకోండి. వరికి దాదాపు 1,200 మిల్లీమీటర్ల నీళ్ళు కావాలి. 48 లక్షల లీటర్లు. అంటే ఇరవై ఎకరాల్లో ఏడాదంతా ఇంకిన నీళ్ళు ఒక్క ఎకరం వరి తాగేస్తుంది. ఆ ఇరవై ఎకరాలు ఎవరివి? మీవేనా? పక్కవాళ్ళవి కూడా కదా?

ఇంకోవైపు నుంచి చూద్దాం. రెండు వేల మంది ఉన్న ఊరు. మనిషికి రోజుకు 55 లీటర్లు, ఇంటింటికీ కుళాయి పథకంలో పెట్టుకున్న లెక్క అదే. ఏడాదికి ఊరంతటికీ 4 కోట్ల లీటర్లు. దీన్ని 48 లక్షలతో భాగించండి. ఎనిమిది చిల్లర. ఊరంతా ఏడాది పొడుగునా తాగి, వండుకుని, స్నానాలు చేసే నీళ్ళు ఎనిమిదెకరాల వరికి సరిపోతాయి. నేను వరి రైతుని తప్పుబట్టడం లేదు. అమ్మితే ధర దొరికేది, కొనేవాడుండేది వరికే. కొర్రలకి, సజ్జలకి కూడా అట్లా కొనేవాడు ఉంటే రైతు ఎందుకు వేయడు? వాటికి వరి తాగే నీళ్ళలో నాలుగో వంతు చాలు, అదీ వానాకాలంలో చాలావరకు వానే ఇస్తుంది. ఇది సర్కారు చేయాల్సిన పని, అడగాల్సింది మనం.

బత్తాయి రైతులు ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. ఎదిగిన చెట్టు వేసవిలో రోజుకి సుమారు 100 లీటర్లు అడుగుతుంది. ఎకరానికి వంద చెట్లనుకుంటే 10 వేల లీటర్లు. 5 వేల లీటర్ల ట్యాంకర్లు రోజుకి రెండు. బోరు ఎండితే ఎన్ని రోజులు తోలగలరు? చెట్టు చచ్చిపోతే మళ్ళీ కాపుకి వచ్చేసరికి ఎన్నేళ్ళు? అందుకే ఎకరాలు పెంచే ముందు, జనవరిలో నీటి మట్టం ఎంతుందో చూసి నిర్ణయించుకోవాలి. ఉన్న తోటకి డ్రిప్పు, పాదుల్లో మందంగా చెత్త పరచడం తప్పనిసరి.

అప్పుడు మనం చేసే పని ఏమిటి? ఇంకో బోరు వేస్తాం. అది ఎండితే ఇంకొకటి, వెయ్యి అడుగులు. లోతుకి పోయేకొద్దీ పగుళ్ళు తగ్గుతాయి, నీళ్ళు పెరగవు. దుమ్ము లేస్తుంటే కూడా ఇంకో వంద అడుగులు వేయమంటాడు రైతు, బండి మీటరు తిరుగుతుంటుంది. ఆ పక్కన నిలబడి చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, ఆ వంద అడుగుల డబ్బుతో పొలంలో నీటి కుంట తవ్వించుకోవచ్చు. పైగా లోతు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. కనిగిరి వైపు ఫ్లోరోసిస్‌తో కాళ్ళు వంకర పోయినవాళ్ళని మీరూ చూశారు. తాగునీటి వనరుకి 250 మీటర్ల లోపల బోరు వేయకూడదని 2002 నాటి వాల్టా చట్టంలో, అంటే నీరు, భూమి, చెట్ల రక్షణ చట్టంలో ఉంది. ఎవరు చూస్తున్నారు? ఊళ్ళో మనమే చూసుకోవాలి.

ఈ లెక్కలు మనవాళ్ళకి రావనుకోకండి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్‌ఏఓ సాయంతో రైతులే భూగర్భ జలాల్ని చూసుకునే కార్యక్రమం ఒకటి మన ప్రకాశంతో సహా ఏడు కరువు జిల్లాల్లో నడిచింది. మీలో కొంతమంది అందులో పనిచేసి ఉంటారు. ఇంజనీరు కాదు, రైతే, ఆడవాళ్ళు కూడా, టేపు పట్టుకుని బోరు గొట్టంలోకి దించేవాళ్ళు. నీళ్ళు తగలగానే టేపు కూత వేస్తుంది, ఎన్ని మీటర్లో చూసి పలక మీద రాసేవాళ్ళు. వాన కొలిచే గిన్నె ఇంకొకరి ఇంటి ముందు. వానాకాలం అయిపోగానే అందరూ కూర్చుని, ఇంత పడింది, ఇంత ఇంకింది, రబీలో ఎవరెవరు ఏం వేయాలనుకుంటున్నారు, మొత్తానికి ఎన్ని నీళ్ళు కావాలి అని గోడ మీద చార్టులో రాసేవాళ్ళు. లోటు కనబడితే ఎవరూ ఎవరికీ ఆర్డరు వేయలేదు. అంకె కళ్ళ ముందుంటే చాలామంది వాళ్ళంతట వాళ్ళే వరి తగ్గించుకున్నారు. ప్రాజెక్టు ముగిసింది, చాలా ఊళ్ళలో టేపులు మూలపడ్డాయి. నాకు బాధ అదే.

ఇది విదేశాల నుంచి వచ్చిన తెలివేమీ కాదు. మన కంభం చెరువు చూడండి, విజయనగర రాజుల కాలం నాటిది. మనకి దక్షిణాన, కడప జిల్లాలో పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. విజయనగర రాకుమారుడు భాస్కర భవదూరుడు ఆ చెరువు తవ్వించాడు, వెయ్యి మంది కూలీలు రెండేళ్ళు పనిచేశారని అందులోనే ఉంది. మంచి చెరువుకి ఉండాల్సిన పన్నెండు అంగాలు, చెరువుకి ఆరు దోషాలు రాశారు. కట్ట కారడం ఒక దోషం, చవిటి నేల ఒక దోషం, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం ఒక దోషం. నాకు ఎప్పుడూ గుర్తుండేది మాత్రం, నీళ్ళు తక్కువై పొలం ఎక్కువ కావడం. అదీ దోషమే అన్నారు. నీళ్ళు ఎక్కువై పొలం తక్కువైనా దోషమే అన్నారు. ఆరున్నర శతాబ్దాల కింద రాతి మీద చెక్కిన నీటి లెక్క ఇది.

ఇప్పుడు ఈ లెక్క ఇంకా ఎందుకు ముఖ్యమంటే, వాన పడే తీరు మారింది. 2023 ఆగస్టు గుర్తు చేసుకోండి. 1901 నుంచి దేశంలో అంత పొడి ఆగస్టు లేదు. ఆ ఖరీఫ్‌లో రాష్ట్రంలో 103 మండలాల్ని కరువు మండలాలుగా ప్రకటించారు. ఆ తరవాత నెల రోజులు దాటగానే, డిసెంబరు 5న, మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోస్తాలో కోతకొచ్చిన చేలు మునిగాయి. ఒకే ఏడాది కరువూ చూశాం, మునకా చూశాం. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమని పట్టుకుంటుంది. అందుకే పడ్డప్పుడు కుమ్మరిస్తుంది, పడనప్పుడు నేలలో ఉన్న తడిని పీల్చేస్తుంది. వెలిగొండ ప్రాజెక్టు నీళ్ళు వస్తాయి, రావాలి, అడుగుదాం. వచ్చినా ప్రతి చేనుకీ రావు. పడ్డ నాలుగు పెద్ద వానలు పట్టుకోవడానికి చెరువు, దాని వాగు, అలుగు బాగుండాలి. ఉపాధి పనుల్లో ఇప్పుడు తీస్తున్న పూడిక అందుకే. ఎక్కడ తీయాలో గ్రామసభలో మీరు చెప్పండి, కొలతకి సులువుగా ఉన్నచోట తీసి వదిలేయనివ్వకండి. చెరువుకి నీళ్ళు తెచ్చే కాలువ, అదే సప్లై చానెల్, ఆక్రమించుకున్నది మన బంధువే అయినా చెప్పాలి.

ఇక ముగిస్తాను, భోజనాల టైమైంది. ఒక పని మాత్రం ఈ రోజే మొదలుపెడదాం. ఊరికి అయిదు బోర్లు ఎంచుకోండి, ఒకటి మంచినీళ్ళది తప్పకుండా ఉండాలి. మే చివర్లో, మొదటి వానకి ముందు, ఒకసారి నీటి మట్టం కొలవండి. నవంబరు చివర్లో మళ్ళీ కొలవండి. పొద్దున్నే, మోటారు వేయకముందు కొలవాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. ఆ రెండంకెలు గ్రామ సచివాలయం గోడ మీద రాయండి. మా దగ్గర రెండు టేపులున్నాయి, వంతులవారీగా ఇస్తాం. ఊరికి ఇద్దరు, ఒకరు ఆడవాళ్ళు ఉండేట్టు చూసుకుని, పేర్లూ ఫోన్ నంబర్లూ అక్కడ తలుపు దగ్గర కూర్చున్న అమ్మాయికి రాయించి వెళ్ళండి. బత్తాయి రైతులు మాత్రం భోజనం చేశాక ఒక పావుగంట ఆగండి, మీ తోటల సంగతి విడిగా మాట్లాడుకుందాం.